రోగం ఎటు తిరుగుతుందో చెప్పే టెస్టు: సిస్టమాటిక్ రివ్యూలో దాన్ని తూచే పద్ధతి

పురుగుల మందు కేసు క్యాజువాలిటీకి రాగానే వెంట వచ్చినవాళ్లు అడిగేది ఒక్కటే: "సార్, మంచిగైతడా? హైదరాబాద్ తీస్కపోవాల్నా?" ఆ మాటకు జవాబు చెప్పడంలో సాయపడేదే ప్రోగ్నోస్టిక్ టెస్టు. జబ్బు ఉందో లేదో తేల్చడం డయాగ్నోస్టిక్ టెస్టు పని. ఉన్న జబ్బు రేపటికో, నెలకో, ఐదేళ్లకో ఎటు తిరుగుతుందో అంచనా కట్టడం దీని పని. అది రక్తపరీక్ష కావచ్చు, స్కానింగ్ కావచ్చు, నాలుగైదు లక్షణాలకు మార్కులు వేసే స్కోరూ కావచ్చు.

పత్తి, మిర్చి పండే వరంగల్ ప్రాంతపు వార్డులకు బాగా తెలిసిన జబ్బు కాబట్టి ఇక్కడ ఉదాహరణగా పురుగుల మందుల్లోని ఆర్గానోఫాస్ఫరస్ విషాన్నే తీసుకుంటున్నాం. కట్టిన లెక్కల్లోని అంకెలు లెక్క చూపించడానికి వేసుకున్నవే, ఏ ఆసుపత్రివీ కావు.

ముందే ఒక మాట. లాక్టేట్ అంటే ఒంటికి ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం. "లాక్టేట్ ఎక్కువున్నవాళ్లలో మరణాలు ఎక్కువ, పీ వాల్యూ 0.001 కన్నా తక్కువ" అని ఇరవై పేపర్లు దొరుకుతాయి. వాటిని కుప్పపోస్తే సిస్టమాటిక్ రివ్యూ (ఒక ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ పద్ధతిగా వెతికి తూచడం) అయిపోదు. స్పృహ లేకుండా, నోట్లో నురగతో వచ్చిన మనిషి పరిస్థితి బాగోలేదని చెప్పడానికి లాక్టేట్ అక్కర్లేదు. డ్యూటీ డాక్టర్ కంటితో చూసి, నాడి పట్టుకుని అప్పటికే తెలుసుకున్నదానికి ఈ టెస్టు కొత్తగా ఏం కలిపింది? రివ్యూ మొదటి పేజీ నుంచి చివరి పట్టిక దాకా ఈ ప్రశ్న చుట్టూనే తిరగాలి.

ప్రశ్న కట్టడం

చికిత్సల రివ్యూలో ప్రశ్నకు వేసే చట్రాన్ని పికో (రోగులు, చికిత్స, పోలిక, ఫలితం) అంటాం. ఇక్కడ దానికి టైమింగ్, సెట్టింగ్ కలిపి పికాట్స్ చేస్తారు. రోగులు ఎవరు, టెస్టు ఏది, దేనితో పోల్చి, ఏ ఫలితం, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఎక్కడ. ఆరింటిలో అందరూ తేలిగ్గా దాటేసేవి రెండు: దేనితో పోల్చి, ఎప్పుడు.

"ఎప్పుడు" సంగతి పియోపీ స్కోరుతో చూద్దాం. శ్రీలంకలోని పెరదెనియ నుంచి 1993లో వచ్చిన, ఈ విషం తీవ్రతను కొలిచే స్కేలు ఇది. కనుపాప సైజు, శ్వాస వేగం, గుండె వేగం, కండరాల అదురు, స్పృహ, ఈ ఐదింటికీ 0 నుంచి 2 మార్కులు. ఫిట్స్ ఉంటే మరో 1. మొత్తం 11. 0–3 తేలిక, 4–7 మధ్యస్థం, 8–11 తీవ్రం. ఇప్పుడు ఏటూరునాగారం వైపు నుంచో నర్సంపేట నుంచో రెఫర్ చేసిన రోగిని ఊహించుకోండి. అక్కడి డాక్టర్ చేయాల్సిన పనే చేశాడు, విరుగుడుగా అట్రోపిన్ ఎక్కించి పంపాడు. వరంగల్ చేరేసరికి సూదిమొనంత ఉన్న కనుపాప విప్పారింది, 40కి పడిపోయిన గుండె వేగం పుంజుకుంది. ఆ రెండు అంశాల్లోనే 4 మార్కుల దాకా మాయమవుతాయి. తీవ్రం అనాల్సినవాడు మధ్యస్థంలో పడతాడు. ఇది స్కోరు తప్పు కాదు, స్కోరు వేసిన వేళ తప్పు. అందుకే ప్రోటోకాల్‌లోనే (రివ్యూకు ముందే రాసుకునే ప్రణాళికలోనే) రాసుకోండి: టెస్టు చేసింది అట్రోపిన్‌కు ముందా, తర్వాతా? విషం లోపలికి పోయి ఎన్ని గంటలైంది? గంటలు లెక్కపెట్టింది మందు తాగిన క్షణం నుంచా, అడ్మిషన్ నుంచా? పేపర్‌లో లేకపోతే "లేదు" అని ఒక కాలమ్‌లో నమోదు చేయండి. ఆ కాలమ్ నిండా "లేదు" అని పడితే అదే మీ రివ్యూ కనిపెట్టిన విషయాల్లో ఒకటి.

ఫలితానికీ గడువు కావాలి. ఈ విషంలో ఇంటర్మీడియట్ సిండ్రోమ్ సాధారణంగా 24 నుంచి 96 గంటల మధ్య బయటపడుతుంది. మెడ ఎత్తలేకపోవడం, తర్వాత శ్వాస కండరాలు చచ్చుబడడం. మొదటి 24 గంటల్లో వెంటిలేటర్ పడిందా లేదా అని మాత్రమే చూసిన పేపరును, వారం దాకా చూసిన పేపరుతో కలపడానికి వీల్లేదు.

మీరు తూచేది విడి ఫ్యాక్టరా (లాక్టేట్ ఒక్కటే), మోడలా (నాలుగైదు కలిపి శాతంగా చెప్పేది), లేక ఏ రోగికి ఏ మందు ఎక్కువ పనిచేస్తుందో చెప్పే టెస్టా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. మూడోదానికి మామూలు కోహార్ట్ అధ్యయనాలు (ఒక గుంపు రోగులను వెంబడించి చూసేవి) సరిపోవు, ట్రయల్స్‌లో టెస్టుకూ చికిత్సకూ మధ్య ఇంటరాక్షన్ (టెస్టు ఫలితాన్ని బట్టి మందు ప్రభావం మారడం) చూపించాలి. ఈ మూడింటినీ ఒకే రివ్యూలో కలిపేస్తే ఏదీ తెగదు. తేలాక ప్రోటోకాల్‌ను రివ్యూల రిజిస్ట్రీ అయిన ప్రోస్పెరోలో రిజిస్టర్ చేయండి. డేటా ఎత్తడం మొదలుపెట్టాక రిజిస్టర్ చేయబోతే అది కుదరదు.

వెతకడం

ట్రయల్స్‌ను రిజిస్ట్రీలో పట్టుకున్నట్టు ప్రోగ్నోసిస్ అధ్యయనాలను పట్టుకోలేం. చాలావాటికి రిజిస్ట్రేషనే ఉండదు, టైటిల్‌లో "ప్రోగ్నోసిస్" అన్న మాటా ఉండదు. రెడీమేడ్ సెర్చ్ ఫిల్టర్ల మీద భారం వేయకండి. టెస్టు పేరు, జబ్బు పేరు, ఈ రెండు గుంపులతో విశాలంగా వెతికి, మిగతాది చేత్తో ఏరుకోవడమే మేలు. వైద్య పేపర్ల డేటాబేస్‌లైన పబ్‌మెడ్, ఎంబేస్‌తో పాటు మన దేశపు అధ్యయనాల కోసం ఆగ్నేయాసియా దేశాల జర్నళ్లను ఎత్తే ఇమ్సియర్ కూడా చూడండి. పీహెచ్‌డీ స్థాయి పరిశోధనైతే శోధ్‌గంగ చూడండి. పీజీ థీసిస్‌లు యూనివర్సిటీ లైబ్రరీలో అడిగితేనే దొరుకుతాయి.

ఇక్కడ పొంచి ఉండే గొయ్యి డూప్లికేట్. ఒకే వార్డు, ఒకే రెండేళ్ల రోగులు థీసిస్‌గా ఒకసారి, కోలినెస్టరేస్ (ఈ విషం దెబ్బతీసే ఎంజైమ్) పేపర్‌గా ఒకసారి, లాక్టేట్ పేపర్‌గా మరోసారి బయటికి వస్తారు. ఆసుపత్రి, నెలలు, రోగుల సంఖ్య, మరణాల సంఖ్య, ఈ నాలుగూ పక్కపక్కన పెడితే దొరికిపోతారు. ఒకే టెస్టుకు ఒకే గుంపును రెండుసార్లు కలపకండి.

అంకెలు ఎత్తడం

ఫారం కోసం ఛార్మ్స్ చెక్‌లిస్టు (2014) తీసుకోండి. ఇద్దరు విడివిడిగా నింపి తర్వాత సరిచూసుకోవాలి. చెక్‌లిస్టులో లేనివి, ల్యాబ్ గురించి తెలిసినవాళ్లకే తట్టేవి కొన్ని ఉంటాయి. వాటిని మీరే కలుపుకోవాలి.

లాక్టేట్ ఒక పేపర్‌లో మిల్లీమోల్స్‌లో, మరోదాంట్లో మిల్లీగ్రాముల్లో ఉంటుంది. లీటరుకు 1 మిల్లీమోల్ అంటే డెసిలీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు, అంటే 4 మిల్లీమోల్స్ అన్నది 36 మిల్లీగ్రాములు. రక్తం ఏ ట్యూబులో తీశారన్నది అంతకన్నా ముఖ్యం. ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబులో కాకుండా మామూలు ట్యూబులో తీసి, ఐసులో పెట్టకుండా గంటసేపు బల్ల మీద వదిలేస్తే, రక్తకణాలే గ్లూకోజ్ తిని లాక్టేట్ పెంచేస్తాయి. వెంటనే ఏబీజీ (రక్తంలో వాయువులు చూసే) మెషీన్‌లో చూసిన అంకె, ల్యాబ్‌కు నడిచి వెళ్లిన అంకె ఒకటి కావు. అప్పుడే ఫిట్స్ వచ్చి ఆగినవాళ్లలోనూ లాక్టేట్ పెరుగుతుంది. అంటే టెస్టు కొలుస్తున్నది కొంతవరకు ఫిట్స్‌నే, అది కంటికి కనిపిస్తూనే ఉంది.

కోలినెస్టరేస్ మరీ చిక్కు. ల్యాబుల్లో ఎక్కువగా చేసేది సీరంలో ఉండే బ్యుటిరైల్ కోలినెస్టరేస్. నరాల దగ్గర జరిగేదానికి దగ్గరి చుట్టం మాత్రం ఎర్రరక్తకణాల్లోని అసిటైల్ కోలినెస్టరేస్. మందును బట్టి ఈ రెండూ వేర్వేరుగా పడిపోతాయి. పైగా కిట్, వాడిన సబ్‌స్ట్రేట్, ఉష్ణోగ్రత మారితే నార్మల్ రేంజే మారిపోతుంది. యూనిట్లలో కటాఫ్ (ఎక్కువ, తక్కువ అని విడదీసే గీత) ఇచ్చిన పేపర్లను నేరుగా కలపకండి. "నార్మల్ కింది హద్దులో ఎంత శాతం" అన్న రూపంలోకి మార్చగలిగితేనే కలపండి.

ఇక ఎఫెక్ట్ అంకెలు. ఆడ్స్ అంటే జరిగే అవకాశాన్ని జరగని అవకాశంతో భాగిస్తే వచ్చేది. రెండు గుంపుల ఆడ్స్‌ల నిష్పత్తి ఆడ్స్ రేషియో. పేపర్‌లో ఆడ్స్ రేషియో 4.0, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అంచనాకు అటూ ఇటూ హద్దులు) 1.6 నుంచి 10.0 అని ఉందనుకోండి. అధ్యయనాల అంకెలను కలిపే మెటా అనాలిసిస్‌కు కావాల్సింది లాగ్ విలువ, దాని స్టాండర్డ్ ఎర్రర్ (అంచనా ఎంత ఊగుతుందో చెప్పేది). 1.6 సహజ లాగ్ 0.470, 10కి 2.303. తేడా 1.833, దాన్ని 3.92తో భాగిస్తే 0.468. అదే స్టాండర్డ్ ఎర్రర్. పనిలో పనిగా ఒక తనిఖీ: రెండు హద్దులనూ గుణించి వర్గమూలం తీస్తే ఆడ్స్ రేషియో రావాలి. 1.6 × 10 = 16, వర్గమూలం 4. సరిపోయింది. సరిపోకపోతే పేపర్‌లో ప్రింటు తప్పు ఉందనో, పట్టికలో వరుస మారిందనో అర్థం. రచయితలకు మెయిల్ పెట్టండి.

సీ స్టాటిస్టిక్ (ఏయూసీ: చనిపోయేవాళ్లనూ బతికేవాళ్లనూ టెస్టు ఎంత బాగా విడదీస్తుందో చెప్పే అంకె) కలపాలంటే లాజిట్‌లోకి మార్చుకోవాలి. 0.75 అంటే లాగ్ (0.75 ÷ 0.25) = 1.099. ఇంటర్వెల్ 0.66–0.82 అయితే లాజిట్‌లో 0.663–1.516, స్టాండర్డ్ ఎర్రర్ 0.22. మార్చకుండా కలిపితే 1కి దగ్గరగా ఉన్న అధ్యయనాలు లెక్కను వంకర చేస్తాయి.

ఏది నమ్మాలి, ఏది నమ్మకూడదు

అధ్యయనాల్లోని లోపాలు తూచడానికి విడి ఫ్యాక్టర్‌కైతే క్విప్స్ (2013, ఆరు డొమైన్లు), మోడల్‌కైతే ప్రోబాస్ట్ (2019, నాలుగు డొమైన్లు, 20 ప్రశ్నలు) వాడండి. డొమైన్ వారీగా తీర్పు ఇవ్వండి, మార్కులు కూడి సగటు తీయకండి. ఒక్క డొమైన్‌లో పెద్ద బొక్క ఉంటే మిగతా ఐదూ బాగున్నా కుండ కారినట్టే.

మన ఆసుపత్రుల పేపర్లలో అసలు బొక్క ఎక్కడ ఉంటుందంటే లామాలో. డాక్టర్ వద్దన్నా ఇంటివాళ్లు సంతకం పెట్టి తీసుకుపోయిన కేసులు. "ఇగ లాభం లేదు, ఇంటికి తీస్కపోతం" అని వెళ్లినవాళ్లు బతికినవాళ్ల లెక్కలో పడకూడదు, లెక్కలోంచి జారిపోనూ కూడదు. 120 మందిలో 18 మంది లామా, 20 మరణాలు అనుకోండి. ఆ 18 మందినీ తీసేసి రాసిన పేపర్‌లో మరణాలు 102కి 20, అంటే 19.6 శాతం. 18 మందీ చనిపోయి ఉంటే 120కి 38, అంటే 31.7 శాతం. ఒక్క మినహాయింపుతో జబ్బు తీవ్రతే మారిపోయింది. టెస్టు విలువ ఎక్కువ వచ్చినవాళ్లే ఎక్కువగా లామా వెళ్తే టెస్టు బలం కూడా తప్పుగా కనిపిస్తుంది. క్యాజువాలిటీలోనే, రక్తం తీయకముందే చనిపోయినవాళ్లదీ ఇదే కథ. "పూర్తి డేటా ఉన్నవాళ్లనే తీసుకున్నాం" అన్న వాక్యం కనిపించగానే పెన్ను ఆపండి.

రెండో బొక్క ఫలితం నిర్ణయించేవాళ్లకు టెస్టు తెలిసి ఉండడం. మరణం విషయంలో అది పెద్దగా బాధించదు. "వెంటిలేటర్ అవసరం" అన్న ఫలితమైతే, లాక్టేట్ 6 అని చూసిన డాక్టర్ ముందే ట్యూబు వేస్తాడు. తర్వాత "లాక్టేట్ ఎక్కువున్నవాళ్లకు వెంటిలేటర్ పడింది" అని పేపరు వస్తుంది. పాము తన తోకను తానే మింగినట్టు. వెంటిలేటర్ ఖాళీ ఉందా లేదా అన్నదీ ఈ ఫలితంలో కలిసిపోతుంది.

దీనికి తిరగేసిన రూపమూ ఉంది. టెస్టు చెడ్డగా వచ్చినవాళ్లకు ఐసీయూ మంచం, నర్సు కాపలా ఎక్కువ దొరికి బతికితే, టెస్టు ఏమీ చెప్పలేకపోయినట్టు కనిపిస్తుంది. కాబట్టి టెస్టు తర్వాత ఏం చికిత్స జరిగిందో ప్రతి పేపర్ నుంచీ ఎత్తి పెట్టండి.

మూడోది కటాఫ్. ఆర్‌ఓసీ (ప్రతి కటాఫ్ దగ్గరా టెస్టు పనితీరు చూపే వంపు) గీసి అందులో అన్నిటికన్నా బాగా కనిపించిన చోట గీత కొట్టడం మన పేపర్లలో ఆనవాయితీ అయిపోయింది. అలా అతి చిన్న పీ వాల్యూ వచ్చేదాకా కటాఫ్ వెతికితే, 5 శాతం ఉండాల్సిన తప్పుడు పాజిటివ్ అవకాశం 40 శాతం దాకా పాకుతుంది. అధ్యయనం అధ్యయనానికీ కటాఫ్ 3.2, 4.1, 5.6 అని మారుతూ ఉంటే ఆ గీతలు జబ్బువి కావు, ఆ శాంపిల్‌వి. నిరంతర విలువగా (1 మిల్లీమోల్ పెరిగితే ఎంత) ఇచ్చిన అధ్యయనాలకే పెద్దపీట వేయండి.

శాంపిల్ సంగతి క్లుప్తంగా: మోడల్‌ను బయటి రోగుల మీద పరీక్షించాలంటే కనీసం 100 మరణాలు, 100 మంది బతికినవాళ్లు ఉండాలన్నది వాడుకలో ఉన్న కొలత. 60 మందితో, 9 మరణాలతో ఆరు వేరియబుల్స్ మోడల్ కట్టిన పేపరు ప్రోబాస్ట్‌లో హై రిస్కే.

కొత్తగా ఏం కలిపింది

ఆడ్స్ రేషియో 3 అంటే గొప్పగా వినిపిస్తుంది. లెక్క కట్టి చూడండి. బతికేవాళ్లలో 10 శాతం మందికి టెస్టు తప్పుగా పాజిటివ్ వస్తోందనుకుంటే, వాళ్లలో పాజిటివ్ ఆడ్స్ 0.1 ÷ 0.9 = 0.111. దాన్ని 3తో గుణిస్తే 0.333, అంటే 25 శాతం. చనిపోయే 100 మందిలో ఈ టెస్టు పట్టుకునేది 25 మందిని, 75 మంది దాని కళ్లుగప్పుతారు. ఈ ఒక్క లెక్కను రివ్యూ చర్చలో పెడితే చదివేవాళ్లకు చాలా సంగతి తెలుస్తుంది.

అడ్జస్ట్ చేసిన (మిగతా అంశాల ప్రభావం తీసేసిన) ఆడ్స్ రేషియో అయితే దేనికి అడ్జస్ట్ చేశారో చూడండి. వయసు, లింగం మాత్రమే అయితే దాన్ని అడ్జస్ట్‌మెంట్ అనలేం. ఈ విషంలో కనీసం స్పృహ స్థాయి, శ్వాస, ఏ మందు, తాగి ఎంతసేపైంది అన్నవి ఉండాలి. ఆ కనీస జాబితాను పేపర్లు తెరవకముందే, ఐసీయూలో పనిచేసేవాళ్లను అడిగి ప్రోటోకాల్‌లో రాయండి. అడ్జస్ట్ చేసిన అంకెలను, చేయనివాటిని ఒకే ఫారెస్ట్ ప్లాట్‌లో (అధ్యయనాల ఫలితాలన్నీ వరుసగా చూపే బొమ్మలో) కలపడం పాలూ మజ్జిగా కలిపినట్టే.

ఇంకా మంచిది రీక్లాసిఫికేషన్ పట్టిక. 200 మంది, 40 మరణాలు అనుకుందాం. స్కోరు ఒక్కదానితో వేసిన వర్గాలు, లాక్టేట్ కలిపాక వేసిన వర్గాలు పోల్చారు. చనిపోయిన 40 మందిలో 8 మంది హై రిస్కుకు ఎక్కారు, 3 దిగారు, నికరంగా 5 లాభం. బతికిన 160 మందిలో 20 మంది అనవసరంగా పైకెక్కారు, 12 మంది దిగారు, నికరంగా 8 నష్టం. పేపర్లు దీన్ని 5/40 − 8/160 = 0.075 అని ఒక్క అంకెగా ఇస్తాయి. ఆ అంకెతో వార్డులో ఏం చేయాలో ఎవరికీ తెలియదు. దాని బదులు ఇలా అడగండి: 20 శాతం రిస్కు దాటితే ఐసీయూలో పెడతాం అనుకుంటే, ఒక మరణాన్ని ముందే పట్టుకోవడానికి నాలుగు అనవసరపు మంచాలకు సిద్ధమన్నమాట. అప్పుడు లెక్క (5 − 8 × 0.25) ÷ 200 = 0.015. వెయ్యి మందికి 15 నికర లాభం. మంచాలు లేని చోట ఒక మరణానికి రెండు మంచాలే ఇవ్వగలమంటే 8ని 0.5తో గుణించండి, లాభం వెయ్యికి 5కి పడిపోతుంది. వర్గాల గీతా ఆ మేరకు జరగాలన్నది మరవకండి. టెస్టు విలువ మంచాల సంఖ్యను బట్టి మారుతుందన్నది డాక్టర్లకు తెలిసిందే, ఏయూసీకే తెలియదు.

క్యాలిబ్రేషన్ లేని మోడల్ పేపర్లు కుప్పలు. మోడల్ 100 మంది చనిపోతారంటే నిజంగా ఎందరు పోయారు? కిడ్నీ ఫెయిల్యూర్ రిస్క్ ఈక్వేషన్ మంచి పాఠం. వయసు, లింగం, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత వేగం), మూత్రంలో ఆల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి తీసుకుని 2 ఏళ్లు, 5 ఏళ్ల రిస్కు చెప్పే ఈ మోడల్ 2011లో కెనడా నుంచి వచ్చింది. 2016లో అనేక దేశాల డేటాతో చూస్తే రోగులను వరుసలో పెట్టడం బాగానే చేసింది, కానీ ఉత్తర అమెరికా బయటి కొన్ని గుంపుల్లో రిస్కును ఎక్కువ చేసి చెప్పింది. బయటి దేశాలకు వేరే బేస్‌లైన్ పెట్టాల్సి వచ్చింది. సీ స్టాటిస్టిక్ ఒక్కటే చూసినవాళ్లకు ఈ తేడా కనబడదు.

కలపడం, కలపకపోవడం

ప్రోగ్నోసిస్‌లో అధ్యయనాల మధ్య తేడాలు సహజం, కాబట్టి రాండమ్ ఎఫెక్ట్స్ మోడలే వాడండి. అధ్యయనాలు తక్కువైతే ఇంటర్వెల్‌ను సరిదిద్దే హార్టుంగ్–నాప్ సవరణ పెట్టండి. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో మెటాఫర్ ప్యాకేజీ సరిపోతుంది. ఐ స్క్వేర్ (అధ్యయనాల మధ్య తేడాను శాతంగా చెప్పేది) ఒక్కటే రాసి వదిలేయకండి, ప్రిడిక్షన్ ఇంటర్వెల్ ఇవ్వండి. ఎందుకో చూడండి: 8 అధ్యయనాలు, సగటు లాగ్ ఆడ్స్ రేషియో 1.0, స్టాండర్డ్ ఎర్రర్ 0.15, టౌ (అధ్యయనాల మధ్య తేడా కొలత) 0.5. మామూలు ఇంటర్వెల్ ప్రకారం ఆడ్స్ రేషియో 2.7 (2.0–3.6). కానీ రేపు తొమ్మిదో ఆసుపత్రిలో ఎంత వస్తుందన్న ప్రిడిక్షన్ ఇంటర్వెల్ 0.76 నుంచి 9.8. అంటే ఒక చోట టెస్టు అద్భుతం, ఒక చోట దండగ. కరీంనగర్‌లోనో జగిత్యాలలోనో వాడాలనుకునేవాళ్లకు కావాల్సింది ఈ రెండో అంకె.

ఫలితాలను శాతాల్లోకి దించకపోతే ఎవరూ వాడుకోలేరు. పాజిటివ్ లైక్లీహుడ్ రేషియో 3 (బతికేవాళ్లకన్నా చనిపోయేవాళ్లలో పాజిటివ్ మూడు రెట్లు) ఉన్న టెస్టు, మరణాలు 10 శాతం ఉన్న చోట పాజిటివ్ వస్తే రిస్కు 25 శాతం. 30 శాతం ఉన్న చోట అదే టెస్టు, అదే పాజిటివ్, 56 శాతం. జిల్లా ఆసుపత్రికీ రెఫరల్ ఐసీయూకీ విడివిడి వరుసలు పెట్టండి.

పదికన్నా తక్కువ అధ్యయనాలుంటే ఫనెల్ ప్లాట్ (అచ్చుకాని అధ్యయనాల జాడ వెతికే బొమ్మ) గీయకండి, ఏ ఆకారం కావాలంటే ఆ ఆకారం కనబడుతుంది. నెగటివ్ ఫలితాలు అచ్చు కాకపోవడం ఈ రంగంలో మామూలే కాబట్టి, గీసినా గీయకపోయినా ఆ అనుమానం గ్రేడ్ పట్టికలో (సాక్ష్యాన్ని ఎంత నమ్మవచ్చో రాసే పట్టికలో) పెట్టండి.

చివరికి చాలా రివ్యూలు ఇక్కడికే చేరుతాయి: 14 పేపర్లు దొరికాయి, అందులో స్కోరుకు మించి లాక్టేట్ ఏం కలిపిందో కొలిచినది ఒక్కటీ లేదు. అప్పుడు "లాక్టేట్ మంచి ప్రోగ్నోస్టిక్ మార్కర్" అని రాయకండి, "పనికిరాదు" అనీ రాయకండి. "పియోపీ స్కోరుకు అదనంగా లాక్టేట్ విలువను కొలిచిన అధ్యయనం దొరకలేదు" అని రాయండి. దాని కిందే తర్వాత చేసేవాళ్లు కేస్ షీటులో నింపాల్సినవి ఇవ్వండి: మందు పేరు, తాగిన వేళ, మొదటి అట్రోపిన్ ఎక్కడ ఎప్పుడు, రక్తం తీసిన వేళ, ట్యూబు రంగు, లామా వెళ్తే 28వ రోజున ఫోన్ చేస్తే ఇంటివాళ్లు చెప్పింది.